పెద్దాసుపత్రి పరిశోధనలు – మన వేలిముద్ర

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో మా ఉపసంఘం చదివేది లెక్కలు. ఎంతమందికి కళ్లజోళ్లు ఇప్పించాం, ఎంతమందికి మందుల ఖర్చు భరించాం, వగైరా. ఆ లెక్కలు ఈ సంచికలోనే వేరే పేజీలో అచ్చయి ఉన్నవి. కనుక ఈసారి వాటిని పక్కన పెట్టి, మావల్ల జరిగిన ఒక పొరపాటును మీ ముందు ఒప్పుకొని, దాని నుండి మేము నేర్చుకున్న నాలుగు మాటలు మనవి చేయదలచుకున్నాం.

మన సభ్యులొకరి తల్లి ఉన్నారు. అరవై దాటిన మనిషి. మేమంతా ఖాలా అంటాం. చక్కెర జబ్బు వల్ల ఆమె కాలికి పుండు పడి మానలేదు. కొడుకు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అది వైద్య కళాశాలకు చెందిన బోధనాసుపత్రి. అక్కడ ఒక కుర్ర డాక్టరు కాలు చూసి, కట్టు కట్టి, ఎనిమిది పేజీల కాగితం ఒకటి చేతికిచ్చాడు. "ఇలాంటి పుండ్లకు ఒక కొత్త మందు పరీక్షిస్తున్నాం. మీ అమ్మగారిని చేర్చుకోవచ్చు. చదువుకొని వేలిముద్ర వేయించి తీసుకురండి" అన్నాడు. వెనుక యాభైమంది వరుసలో ఉన్నారు. అంతకు మించి చెప్పే తీరిక అతనికి లేదు, అడిగే ధైర్యం వీరికి లేదు.

ఆ సాయంత్రం కొడుకు ఆ కాగితం పట్టుకొని మన సంఘం ఆఫీసుకు వచ్చాడు. మేము నలుగురం ఉన్నాం. ఒకరు "మనమేమన్నా కుందేళ్లమా, మనమీద ప్రయోగాలు చేయడానికి? వేయించకు" అన్నాం. ఇంకొకరు "వేయించకపోతే రేపటి నుంచి కట్టు కూడా కట్టరు, వేయించెయ్" అన్నాం. నలుగురిలో ఒక్కరమైనా ఆ కాగితం మొదటి పేజీ తిప్పలేదు. ఇది మా పొరపాటు. ఎటూ తేల్చుకోలేక, వేలిముద్ర లేకుండా ఆసుపత్రికి పోవడానికి మొగమాటపడి, ఆ కుటుంబం పన్నెండు రోజులు ఇంట్లోనే కూర్చుంది. పదమూడో రోజు కాలు నల్లబడితే పరుగెత్తారు. కాలు దక్కింది గానీ రెండు వేళ్లు తీసేయవలసి వచ్చింది.

తరువాత మేము ఆ కాగితం చదివాం. మూడో పేజీలో స్పష్టంగా ఉంది: ఇందులో చేరకపోయినా మీకు మామూలుగా అందవలసిన వైద్యం అందుతుంది, దానికి ఏ లోటూ ఉండదు అని. ఆ ఒక్క వాక్యం ఆ రోజు చదివి ఉంటే ఖాలా మరునాడే కట్టు కట్టించుకోవడానికి పోయి ఉండేది.

అందుచేత ఈ పరిశోధనలు ఏమిటి, మనవంటి దేశాల్లో అవి ఎందుకు జరుగుతాయి, వాటికి భయపడాలా, తలూపాలా అన్న సంగతి తెలుసుకోవాలని మేము ఈ ఏడాది కొంత చదివాం, కొందరు డాక్టర్లను అడిగాం. మాకు తెలిసినది చెబుతాం.

మొదట కలరా కథ వినండి. మన పెద్దలు గత్తర, వాంతిభేది అనేవారు. ఊళ్లకు ఊళ్లను ఊడ్చేసిన జబ్బు. 1884లో రాబర్ట్ కోక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు కలకత్తాలో కలరా రోగులను పరీక్షించి, వారి పేగుల్లో ఒక సూక్ష్మజీవి ఉందని తేల్చాడు. అది ఏదో విషం వదులుతూ ఉండాలని కూడా ఊహించాడు. కాని ఆ విషాన్ని ఎవరూ చూపలేకపోయారు. ఎంత వెతికినా దొరకనిది 75 ఏళ్ల తరువాత దొరికింది. దొరికింది లండన్‌లోనో న్యూయార్క్‌లోనో కాదు. అదే కలకత్తాలో, వైద్య విద్యార్థులకు పాఠాలు చెప్పే ఒక ఆచార్యుడి చేతిలో.

ఆయన పేరు శంభునాథ్ డే. నీలరతన్ సర్కార్ వైద్య కళాశాలలోను, కలకత్తా మెడికల్ కాలేజీలోను పనిచేశారు. ఖరీదైన యంత్రాలు ఆయన దగ్గర లేవు. ఉన్నదల్లా ఒక సూటి ప్రశ్న. కలరా రోగి దేహంలో బాధంతా పేగులో జరుగుతూ ఉంటే, అందరూ ఆ క్రిములను జంతువుల నెత్తుట్లోకి ఎక్కించి చూస్తారెందుకు? పేగులోనే పెట్టి చూడవద్దా? ఆయన కుందేలు చిన్నపేగులో ఒక ముక్కను రెండువైపులా దారంతో కట్టి, ఆ మధ్యలోకి కలరా క్రిములను ఎక్కించారు. మరునాటికి ఆ ముక్క నీటితో ఉబ్బి ఉంది. ఇది 1953లో అచ్చయింది. 1959లో ఇంకో మెట్టు ఎక్కారు. క్రిములు పెరిగిన ద్రవాన్ని వడగట్టి, ఒక్క క్రిమి కూడా లేకుండా చేసి, ఆ తేటను మాత్రమే పేగులోకి ఎక్కించారు. అప్పుడూ పేగు ఉబ్బింది. అంటే చంపేది క్రిమి వదిలిన విషం. ఆ విషం పేగును చీల్చదు, కుళ్లబెట్టదు. ఒంట్లోని నీటిని, ఉప్పును పేగులోకి గుంజి బయటికి పారబోయిస్తుంది. మనిషి పోయేది నీళ్లు పోయి.

ఇంత చేసిన మనిషికి మన దేశంలో బతికినంత కాలం ఏ పెద్ద శాస్త్ర సంస్థ సభ్యత్వమూ దక్కలేదు. 1973లో పదవీ విరమణ చేశారు. 1978లో స్వీడన్‌లో కలరాపై జరిగిన నోబెల్ గోష్ఠికి ఆయనను పిలిచారు. నోబెల్ బహుమతి పొందిన జాషువా లెడర్‌బర్గ్ ఆయన పేరును ఆ బహుమతికి ప్రతిపాదించారు. 1985లో డే కన్నుమూశారు. మన ఇంటి దీపం మనకు ఆనకపోవడం కొత్త కాదు గదా!

పేగు చెడిపోలేదు, నీళ్లు మాత్రమే పోతున్నాయి అని తేలాక, పోయిన నీటిని నోటిద్వారా మళ్లీ ఎక్కించవచ్చునా అన్న ప్రశ్న వచ్చింది. ఒట్టి నీళ్లు తాగిస్తే నిలవవు, ఒట్టి ఉప్పునీరూ నిలవదు. కాని గ్లూకోజు కలిస్తే అది ఉప్పును వెంటబెట్టుకొని పేగు గోడ దాటుతుంది, వాటి వెనుక నీరు పోతుంది. ఈ సంగతి ప్రయోగశాలల్లో తెలిసింది. కాని పుస్తకంలో తెలిసినది వేరు, మంచంమీద ప్రాణాలతో కొట్టుకొంటున్న మనిషికి పనికివస్తుందా అన్నది వేరు. దానిని రోగుల మధ్యే తేల్చాలి.

అది తేలింది ఢాకాలో. 1968లో అక్కడి కలరా పరిశోధనాసుపత్రిలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ అనే ఇద్దరు కుర్ర అమెరికన్ డాక్టర్లు, రఫీకుల్ ఇస్లామ్, మజీద్ మొల్లా అనే బెంగాలీ డాక్టర్లతో కలిసి, పెద్దవయసు రోగులకు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని కొలిచి తాగించారు. ఎంత పోయిందో కొలవడం, అంత తాగించడం. నరానికి ఎక్కించే సెలైను అవసరం చాలామటుకు తగ్గిపోయింది. ఆ మంచాలమీద పడుకున్నవారు ఎవరు? మనలాంటివారే. రిక్షా తొక్కేవారు, పడవ నడిపేవారు, కూలినాలి చేసుకొనేవారు. వారి పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

మూడేళ్లకే దానికి అసలు పరీక్ష వచ్చింది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో లక్షలాది శరణార్థులు సరిహద్దు దాటి వచ్చారు. బనగావ్ శిబిరంలో కలరా లేచింది. కలకత్తా నుండి వెళ్లిన డాక్టర్ దిలీప్ మహలనబిస్ చూసేసరికి ఆసుపత్రి గదుల్లో రోగులు నేలమీద, తమ వాంతిలో, భేదిలో పడి ఉన్నారు. సెలైను సీసాలు అయిపోవస్తున్నాయి. ఆయన ఇక ఆగలేదు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల మామూలు ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా చొప్పున పొట్లాలు కట్టించి, డ్రమ్ముల్లో కలిపి, తల్లులచేత, అన్నదమ్ములచేత తాగించారు. సెలైను అంటే జనానికి నమ్మకం గనుక దీన్ని "నోటి సెలైను" అని చెప్పారు. అప్పటిదాకా నూటికి ముప్పైమంది వరకు పోతున్న చోట, నోటి సెలైను తాగినవారిలో పోయినవారు నూటికి నలుగురి లోపే. మహలనబిస్ 2022లో మరణించారు. మరుసటి ఏడు ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఆ పైన బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ ఆడ కార్యకర్తలు 1980 నుండి పదేళ్లపాటు గడప గడపా ఎక్కి, కోటి ఇరవై లక్షల పైచిలుకు ఇళ్లలో తల్లులకు, మూడు వేళ్లకు వచ్చినంత ఉప్పు, గుప్పెడు బెల్లం, ఇన్ని నీళ్లు అని చేసి చూపి నేర్పారు. తల్లికి ఎంత గుర్తున్నదో తరువాత వచ్చి పరీక్షించి, దానిని బట్టే కార్యకర్తకు జీతం ఇచ్చేవారు! పల్లెటూరి ముస్లిం ఆడవాళ్లు, అక్షరం రానివాళ్లు, ఆ విద్యను చేతివేళ్లతో నేర్చుకున్నారు. ఇవాళ మన ఇళ్లలో పిల్లవాడికి విరేచనాలైతే మందుల షాపునుండి తెచ్చి లీటరు నీటిలో కలిపే ఓ.ఆర్.ఎస్. పొట్లం వెనుక ఇంత కథ ఉంది. దాని పాళ్లు కూడా ఒకసారి తేల్చి వదిలేసినవి కావు. మళ్లీ అనేక దేశాల ఆసుపత్రుల్లో పిల్లలపై పరీక్షించి, ఉప్పు, గ్లూకోజు తగ్గిస్తే ఇంకా మేలని తేలాక, 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాళ్లు మార్చింది.

ఇదంతా ఎందుకు చెప్పామంటే, మన జబ్బుకు మందు మన ఆసుపత్రిలోనే వెతకాలి. కలరా లేని దేశంలో కలరా మందు తేలదు. మన తిండి, మన నీళ్లు, మన పేదరికం ఎరిగిన చోటనే మనకు అందుబాటు వైద్యం తేలుతుంది. బోధనాసుపత్రిలో రోగులుంటారు, గురువులుంటారు, ప్రశ్నలడిగే విద్యార్థులుంటారు. కనుక అక్కడ పరిశోధన జరగడం తప్పు కాదు, జరగకపోవడమే తప్పు. "మనం కుందేళ్లమా" అని ఆ రోజు అన్న మేము, మన పిల్లలు తాగిన నోటి సెలైను వెనుక ఎవరో ముందుగా మంచంమీద పడుకొని ఒప్పుకున్నారన్న సంగతి మరిచాం.

అయితే నాణేనికి రెండోవైపు కూడా చూడాలి. లేకపోతే మేము సగం నిజం చెప్పినవారమవుతాం.

1996లో నైజీరియాలోని కానో నగరంలో మెదడు పొరల వాపు జబ్బు మహమ్మారిగా లేచింది. ముస్లింలు అత్యధికంగా ఉన్న నగరం అది. ఒక అమెరికా ఔషధ కంపెనీ అక్కడి అంటువ్యాధుల ఆసుపత్రిలో 200 మంది పిల్లలను తీసుకొని, సగం మందికి తన కొత్త మందు, సగం మందికి వాడుకలో ఉన్న మందు ఇచ్చింది. 11 మంది పిల్లలు చనిపోయారు. చావులు రెండువైపులా ఉన్నవి. అది మందు వల్లనా, జబ్బు వల్లనా అన్నది వాదన. కాని తల్లిదండ్రులు అడిగింది వేరు. మా బిడ్డను పరీక్షలో పెడుతున్నట్లు మాకు చెప్పారా? పక్కనే మామూలు వైద్యం ఉచితంగా దొరుకుతున్నదని చెప్పారా? ఏళ్ల తరబడి కోర్టుల్లో నడిచి, 2009లో ఆ కంపెనీ కానో రాష్ట్రంతో ఏడున్నర కోట్ల డాలర్లకు రాజీ పడింది.

కథ అక్కడితో ఆగలేదు. నమ్మకం ఒకసారి విరిగితే ఎంత దూరం పోతుందో చూడండి. 2003లో అదే కానోలో పోలియో చుక్కలమీద అనుమానం లేచి, నెలల తరబడి చుక్కలు ఆపేశారు. ఆ అనుమానానికి కారణాలు వేరేవి కూడా ఉన్నాయి గాని, 1996 నాటి గాయం అందులో ఒకటి. పోలియో అక్కడి నుండి పొరుగు దేశాలకు పాకింది. ఎందరో పిల్లల కాళ్లు పోయాయి. ఆఫ్రికా అడవి పోలియో నుండి విముక్తమైనదని ప్రకటించడానికి 2020 దాకా పట్టింది.

కానో దాకా ఎందుకు, మన ఖమ్మం జిల్లా సంగతి చూడండి. 2009లో గర్భాశయ ముఖద్వార కాన్సరు టీకా అధ్యయనం ఒకటి అక్కడ జరిగింది. వసతి గృహాల్లో ఉన్న గిరిజన బాలికలకు, తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు పెట్టారు. 2010లో ప్రభుత్వం దానిని ఆపించింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. న్యాయంగా చెప్పాలి: టీకా చెడ్డది కాదు, అనేక దేశాల్లో అది ఆడపిల్లలను కాపాడుతున్నది. చెడ్డది ఆ సంతకం. మన బిడ్డ తరఫున మనల్ని అడగకుండా ఎవరో ఒప్పుకోవడం.

కనుక పరిశోధనకు వద్దనడమూ సరికాదు, కళ్లు మూసుకొని వేలు అద్దడమూ సరికాదు. చదివి, అడిగి, తేల్చుకోవాలి. దానికి మన చట్టమే దారి చూపింది. 2019లో కేంద్రం కొత్త ఔషధాలు, క్లినికల్ పరీక్షల నియమాలు తెచ్చింది. వాటిలో మనకు కావలసినవి కొన్ని చెబుతాం, దయచేసి గుర్తుంచుకోండి.

ఆ కాగితంలోని సంగతి రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. రోగికి తెలుగు చదవడం రాక ఉర్దూ మాత్రమే వస్తే, ఆ సంగతి చెప్పి అడగడం మన హక్కు. కాగితం ప్రతి ఒకటి రోగికి ఇవ్వాలి. చేరడం, చేరకపోవడం మన ఇష్టం. చేరిన తరువాత ఏ రోజైనా మానుకోవచ్చు, కారణం చెప్పనక్కరలేదు, మామూలు వైద్యం ఆగకూడదు. పరీక్ష వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయాలి, పరిహారం ఇవ్వాలి. ప్రతి పరీక్షనూ ముందుగా ఒక నైతిక సంఘం చూసి ఒప్పుకోవాలి. ఆ సంఘంలో కనీసం ఏడుగురు ఉండాలి. వారిలో న్యాయం తెలిసినవారు ఒకరు, స్త్రీ ఒకరు, డాక్టరు కాని మామూలు పౌరుడు ఒకరు తప్పనిసరి. అంతే కాదు, క్లినికల్ పరీక్షలన్నీ ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు కావాలి, ఎవరైనా రుసుము లేకుండా చూసుకోవచ్చు.

ఇంకొకటి. రోగికి చదవడం రాకపోతే, ఆ సంభాషణ మొదటి నుండి చివరిదాకా ఒక నిష్పక్షపాత సాక్షి పక్కన ఉండి, విని, సంతకం చేయాలి. ఆ సాక్షి పరీక్ష చేసేవారి మనిషి కాకూడదు. ఈ మాట చదివినప్పుడు మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఎందుకంటే ఆ పని చేయగలిగినవారు మన సంఘంలో ఇరవైమంది ఉన్నారు!

ఇక ఆసుపత్రిలో ఏమి అడగాలి? ఇది పరీక్షా, వైద్యమా? నాకు పాత మందు వస్తుందా, కొత్తదా, అది ఎవరు నిర్ణయిస్తారు? చాలా పరీక్షల్లో చీటీ వేసినట్లు పంచుతారు. ఏది మేలో డాక్టరుకే ఇంకా తెలియదు గనుక అలా చేస్తారు, అది మోసం కాదు. కాని మనకు ముందే చెప్పాలి. దీనివల్ల రాగల హాని ఏమిటి? ఎన్నిసార్లు రావాలి, దారి ఖర్చులు ఎవరివి? నేను ఇప్పుడు వాడే చక్కెర మందు, రక్తపోటు మందు ఆపాలా? చేరకపోతే నాకు దొరికే వైద్యం ఏమిటి? రాత్రిపూట ఏదైనా అయితే ఏ డాక్టరుకు ఫోను చేయాలి? ఈ ఏడు ప్రశ్నలు అడిగితే ఏ మంచి డాక్టరూ కోప్పడడు. కోప్పడితే, ఆ కాగితం జేబులో పెట్టుకొని రేపు వస్తామని చెప్పి వచ్చేయండి. మామూలు వైద్యం మాత్రం మానవద్దు.

మా ఉపసంఘం తరఫున మూడు పనులు తలపెట్టాం, మీ ఆమోదం కోరుతున్నాం. ఒకటి, తెలుగు, ఉర్దూ రెండూ చదివి చెప్పగల యువకులు, ముఖ్యంగా యువతులు, సాక్షులుగా ముందుకు రావాలి. ఆడవారికి ఆడవారే సాక్షిగా ఉంటే మాట నోరు దాటుతుంది. వారి పేర్ల జాబితా ఆఫీసులో పెడతాం. రెండు, ఆ ఏడు ప్రశ్నలను రెండు భాషల్లో ఒక చిన్న కార్డుగా అచ్చువేసి ఇంటింటికీ ఇస్తాం. మూడు, పెద్దాసుపత్రి నైతిక సంఘంలో మామూలు పౌరుల స్థానం ఖాళీ అయినప్పుడు మన పట్టణం నుండి అర్హులైన ఒక పేరు పరిశీలించమని, ఏ మతమని కాదు, పేద రోగి తరఫు మనిషిగా పరిశీలించమని, అధికారులకు అర్జీ పెడతాం. వీటికి పెద్ద ఖర్చు లేదు. కావలసింది తీరిక.

చివరగా ఖాలా సంగతి. పోయిన నెల మేము నలుగురం ఆమె ఇంటికి వెళ్లాం. తప్పయిందని చెప్పాం. ఆమె మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ ఇప్పించి, కాలు చాపుకొని ఇలా అన్నది: "మీరు వద్దన్నందుకు నాకు కోపం లేదు బేటా, వేయమన్నందుకూ లేదు. కాలు నాది. కాగితంలో ఏముందో చదివి వినిపించి ఉంటే నేనే తేల్చుకునేదాన్ని గదా."

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. ఇకముందు మన ఇళ్లలో ఎవరి వేలికి సిరా అంటినా, ముందు ఆ కాగితం వారికి చదివి వినిపించిన తరువాతే అంటాలని మీ అందరినీ కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.

ఖుదా హాఫిజ్.